పక్క ఊరి నుంచి వచ్చి మా వాడి ప్లేస్ పట్టుకుపోయాడు. హైస్కూల్ ఫుట్‌బాల్ ట్రాన్స్‌ఫర్ల మీద అసలు రూల్ ఉందా?

ప్లేనో_ప్రసాద్
మేముండేది డల్లాస్‌కి ఉత్తరాన. మా పెద్దాడు ఈ ఏడాది జూనియర్ (పదకొండో తరగతి). మిడిల్ స్కూల్ నుంచి ఫుట్‌బాలే లోకం (సాకర్ కాదు, హెల్మెట్ పెట్టుకుని గుద్దుకునేది). ఫ్రెష్‌మన్‌లో (తొమ్మిదిలో) బీ టీమ్, పోయినేడు జేవీకి (రెండో జట్టు) స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు). ఈ ఫాల్ వర్సిటీ (స్కూల్ మెయిన్ టీమ్) వాడిదే అని అందరూ అనుకున్నారు, కోచ్ మాటలు కూడా అలాగే ఉండేవి. తీరా సమ్మర్ వర్కౌట్లు మొదలయ్యేసరికి పక్క స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి ఒక కుర్రాడు దిగాడు. ఆరడుగుల పైన ఎత్తు, చేతిలో అప్పుడే కాలేజీ ఆఫర్లు. వాళ్ళ నాన్న మా స్కూల్ జోన్‌లో అపార్ట్‌మెంట్ లీజుకి తీసుకున్నాడట. సొంతిల్లు మాత్రం పాత ఊళ్ళోనే ఉంది, ఆ పిల్లాడి తమ్ముడు ఇంకా అక్కడి స్కూల్‌కే పోతున్నాడు. మొదటి స్క్రిమేజ్‌లో (ప్రాక్టీస్ మ్యాచ్) మా వాడు సైడ్‌లైన్‌లో నిలబడి సిగ్నల్స్ చూపిస్తున్నాడు.

ఇది రూల్ ప్రకారం చెల్లుతుందా? చెల్లకపోతే ఎవరికి చెప్పాలి? మా ఆవిడేమో ఊరుకో, పిల్లాడికే చెడ్డపేరు అంటోంది.

సందేహాల_సుబ్బారావు
టెక్సాస్‌లో తెలుగు క్వార్టర్‌బ్యాకా! స్పెల్లింగ్ బీ దాటి ఇంత దూరం వచ్చామా? ముందు పార్టీ, తర్వాత కంప్లయింట్.

కేటీ_రామకృష్ణ
బూస్టర్ క్లబ్ (టీమ్‌కి డబ్బు కూడబెట్టే తల్లిదండ్రుల క్లబ్) కౌంటర్‌లో ఏళ్ళ తరబడి నాచోలు అమ్మిన అనుభవంతో చెప్తున్నా. రూల్ ఉంది, గట్టిగానే ఉంది. యూఐఎల్ (టెక్సాస్‌లో స్కూల్ ఆటలు నడిపే సంస్థ) నిబంధనల్లో సెక్షన్ 443. ఆట కోసం స్కూల్ మారాడని తేలితే కనీసం ఒక క్యాలెండర్ ఏడాది వర్సిటీ ఆడకూడదు. జేవీ ఆడుకోవచ్చు. పాత స్కూల్లో ఆడి వచ్చిన ప్రతి పిల్లాడికీ ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం ఒకటి ఉంటుంది, అందరూ పీఏపీఎఫ్ అంటారు. తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. పాత స్కూల్ వాళ్ళు కూడా వాళ్ళ భాగం నింపాలి. ఎవరైనా రమ్మని పిలిచారా, పాత కోచ్‌తో గొడవలేమైనా ఉన్నాయా, ఆట కోసమే మారుతున్నాడని మీకు అనిపిస్తోందా, ఇలాంటివే ప్రశ్నలన్నీ. పాత స్కూల్ అవునని రాస్తే విషయం డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీకి పోతుంది.

ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే ఐఎస్‌డీ (స్కూళ్ళు నడిపే మామూలు స్కూల్ డిస్ట్రిక్ట్) కాదు, మీ స్కూల్ ఏ గ్రూపులో ఆడుతుందో ఆ గ్రూపు. ఆ స్కూళ్ళ తరఫు వాళ్ళే కూర్చుని ఓటేస్తారు. రేపు ఆ కుర్రాడి చేతిలో ఓడిపోబోయే స్కూళ్ళే వాడు ఆడాలో వద్దో తేలుస్తాయన్నమాట. అక్కడ వద్దంటే స్టేట్ ఎగ్జిక్యూటివ్ కమిటీకి అప్పీల్ చేసుకోవచ్చు.

ఇల్లు సంగతి వేరే సెక్షన్, 442. సామాన్లన్నీ కొత్త ఇంటికి వచ్చాయా, ఉత్తరాలు ఎక్కడికి వస్తున్నాయి, పాత ఇల్లు ఇంకా వాడుకుంటున్నారా, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఏ అడ్రసుంది, ఓటు ఎక్కడుంది, ఇవన్నీ చూస్తారు. తమ్ముడు పాత స్కూల్లోనే ఉన్నాడంటే కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

నైట్‌షిఫ్ట్_నరేష్
ఓటు ఎక్కడ అంటే తెనాలి అని రాయాలా? హెచ్1బీ గాళ్ళం, మా పిల్లలు ఆడొద్దా?

కేటీ_రామకృష్ణ
@నరేష్ అది ఒక గుర్తు మాత్రమే బాబూ. ఓటు లేనివాళ్ళకి మిగతావి చూస్తారు.

ఆలెన్_అనంత్
ప్రసాద్ గారూ, ఏమీ అనుకోకండి, ఒకటడుగుతా. మీరు ఆ ఇల్లు ఎందుకు కొన్నారు? రియల్టర్‌ని మనం అడిగే మొదటి ప్రశ్న ఏ హైస్కూల్‌కి వెళ్తుంది అనే కదా. తూర్పు గుమ్మం కూడా ఆ తర్వాతే. చదువు కోసం ఇల్లు మారితే బాధ్యత గల తండ్రి, బంతి కోసం మారితే మోసగాడు. ఇదేం లెక్క?

ఇంకా చెప్తా. టెక్సాస్‌లో టాప్ 10 శాతం చట్టం (హైస్కూల్ ర్యాంకులో పైనున్నవాళ్ళకి స్టేట్ యూనివర్సిటీలో ఆటోమేటిక్ సీటు) 1997 నుంచి ఉంది. యూటీ ఆస్టిన్‌కైతే అది 6 శాతం దాకా తగ్గింది, 2026 ఫాల్ నుంచి 5 శాతం. పోటీ ఎక్కువున్న స్కూల్లో ర్యాంకు రాదని, కాస్త తేలికైన స్కూల్ జోన్‌కి పిల్లల్ని మార్చిన తెలుగు కుటుంబాలు నాకు తెలుసు. అక్కడ ముందు నుంచీ ఉన్న పిల్లాడొకడు ఆ ర్యాంకు పోగొట్టుకున్నట్టే కదా. దానికి ఫారమూ లేదు, కమిటీ లేదు.

ప్లేనో_ప్రసాద్
పోలిక కుదరదండీ. ఏపీ కాలిక్యులస్ (కాలేజీ స్థాయి లెక్కలు) క్లాస్‌కి ఇంకొకడు వస్తే ఇంకో కుర్చీ వేస్తారు. క్వార్టర్‌బ్యాక్ మైదానంలో ఒక్కడే ఉంటాడు. పైగా వాడు వచ్చింది చదువుకోడానికి కాదని ఊరంతటికీ తెలుసు.

ఆలెన్_అనంత్
ఐదు శాతంలో కూడా ఇంకో కుర్చీ వెయ్యరు సార్.

లైన్‌మన్_74
నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు రాయడం అమ్మ నేర్పింది. అఫెన్సివ్ లైన్ (ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళని ఆపేవాళ్ళు) ఆడేవాణ్ణి, లెఫ్ట్ గార్డ్. రామకృష్ణ అంకుల్ చెప్పిన ఫారం నా మీద పడింది, అందుకే రాస్తున్నా.

సీనియర్ ఇయర్‌కి ముందు నాన్న కాంట్రాక్ట్ అయిపోయింది. వేరే ఊళ్ళో ప్రాజెక్ట్ దొరికితే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాం. కొత్త స్కూల్ ఆటలో మంచి పేరున్నది, అది మేం ఎంచుకున్నది కాదు, దొరికిన అద్దె ఇల్లు ఆ జోన్‌లో ఉంది అంతే. పాత కోచ్‌కి కోపం. ఆట కోసమే పోయాడని రాసేశాడు. కమిటీ మీటింగ్ వాయిదా పడుతూ వచ్చింది. నాన్న ఆఫర్ లెటర్, లీజు, కరెంటు బిల్లు అన్నీ పట్టుకుని తిరిగారు. చివరికి ఆడనిచ్చారు, కానీ సీజన్ మొదట్లో గేములు పోయాయి. కాలేజీ వాళ్ళు ఫిల్మ్ (మ్యాచ్ వీడియోలు) అడిగేది సరిగ్గా అప్పుడే.

అదే సమయంలో మా లీగ్‌లోనే ఒక రన్నింగ్‌బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) లాయర్‌ని పెట్టుకుని వచ్చాడు. వాడి పని గబగబా అయిపోయింది. ఉద్దేశం ఏంటో నిరూపించమంటే కాగితాలు, డబ్బు ఉన్నవాళ్ళే గెలుస్తారు.

టాంపా_తిరుమలరావు
మా ఫ్లోరిడా రండి, ఫారం గొడవే ఉండదు. 2016లో చట్టం చేశారు. ఖాళీ ఉన్న ఏ పబ్లిక్ స్కూల్‌కైనా పిల్లాడు వెళ్ళొచ్చు, వెళ్ళిన వెంటనే ఆడొచ్చు. ఇక చూడండి, ఆగస్టు వచ్చిందంటే ఎవడు ఏ జెర్సీలో ఉన్నాడో పేపర్ వాళ్ళే ఖాతా రాసుకోవాలి. మయామీ వైపు పెద్ద స్కూళ్ళు ఏటేటా కొత్త టీమ్‌తో వస్తాయి. పల్లెటూరి స్కూళ్ళు గోల పెడితే 2022లో మెట్రో, సబర్బన్ అని విడగొట్టి విడివిడిగా ఛాంపియన్‌షిప్‌లు పెట్టారు. రెండేళ్ళకే అదీ ఎత్తేశారు.

నాకైతే స్వేచ్ఛే మేలనిపిస్తుంది. చేతకాని కోచ్ కింద పదహారేళ్ళ పిల్లాణ్ణి ఎందుకు కట్టేయాలి? కోచ్ మాత్రం ఎక్కువ జీతం వస్తే మర్నాడే వేరే స్కూల్‌కి పోతాడు, ఆయన్ని ఏడాది కూర్చోమని ఎవరూ అనరు.

మోర్గన్‌టౌన్_మధు
స్వేచ్ఛ కావాలంటే మా వెస్ట్ వర్జీనియా కథ వినండి. ఇక్కడ 2023లో ఒకసారి స్కూల్ మారితే పెనాల్టీ లేదని చట్టం వచ్చింది. అప్పుడు మా ఆఫీసులో అందరి పిల్లలూ ఏదో ఒక టీమ్‌లో ఉన్నారు. ఆ ఫాల్‌లో శుక్రవారం రాత్రి స్కోర్లు చూస్తే హాఫ్‌టైమ్‌కే ఆట అయిపోయేది. కొండల్లో చిన్న చిన్న స్కూళ్ళు, టీమ్‌లో ఉండేదే తక్కువ మంది. అందులో ఇద్దరు ముగ్గురు మంచి ఆటగాళ్ళు కౌంటీ సీటుకి (కౌంటీ ముఖ్య పట్టణం) పోతే మిగిలిన పిల్లలు నిజంగా దెబ్బలు తింటారు. లైన్‌లో సీనియర్ ఉండాల్సిన చోట తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి నిలబెడితే ఏమవుతుందో లైన్‌మన్ తమ్ముడు చెప్పాలి.

లైన్‌మన్_74
మోకాలు పోతుంది. లేదా తల. పద్నాలుగేళ్ళ వాడికీ పద్దెనిమిదేళ్ళ వాడికీ బరువులో మాత్రమే కాదు, తగిలే వేగంలో తేడా. బాస్కెట్‌బాల్‌లో యాభై పాయింట్లతో ఓడితే సిగ్గు. ఇక్కడ అలా ఓడితే ఎంఆర్ఐ.

ఇర్వైన్_ఇందిర
మా కాలిఫోర్నియాలో సదరన్ సెక్షన్ (లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల స్కూళ్ళు) డివిజన్ 1 టైటిల్ 2016 నుంచి 2024 దాకా ఎవరి దగ్గర ఉందో తెలుసా? మేటర్ డే, లేకపోతే సెయింట్ జాన్ బోస్కో. కోవిడ్ వల్ల 2020 సీజన్‌కి ప్లేఆఫ్‌లు జరగలేదు, మిగతా ఏడాదులన్నీ ఆ రెండే. రెండూ క్యాథలిక్ ప్రైవేట్ స్కూళ్ళు. ప్రైవేట్‌కి జోన్ ఉండదు, ఎంత దూరం నుంచైనా పిల్లలు రావచ్చు.

ఇక్కడ కుటుంబమంతా నిజంగా ఇల్లు మారితే వెంటనే ఆడొచ్చు, మారకపోతే సీజన్‌లో కొంత భాగం కూర్చోవాలి. అందుకని ఇల్లు మారినట్టు కాగితాలు పుట్టించడం మొదలైంది. 2025లో తప్పుడు సమాచారం ఇచ్చారని బైలా 202 కింద చాలా స్కూళ్ళ పిల్లల్ని ఆపేశారు. బిషప్ మోంట్‌గోమరీ అనే స్కూల్ ఏకంగా వర్సిటీ సీజన్నే రద్దు చేసుకుంది. ఏ కాగితం మీదా సంతకం పెట్టని పిల్లల సీనియర్ ఇయర్ కూడా దాంతోపాటే పోయింది.

మా వాళ్ళు చేసిన ఇంకో పని మాత్రం నాకు నచ్చింది. పిల్లల్ని ఆపలేమని తెలుసుకుని టీమ్‌లను సర్దారు. రెగ్యులర్ సీజన్ అయ్యాక కంప్యూటర్ రేటింగ్ చూసి బలాన్ని బట్టి ప్లేఆఫ్ డివిజన్లు చేస్తారు. స్కూల్లో ఎంతమంది చదువుతున్నారన్నది లెక్కలోకి రాదు. మా ఊరి మామూలు పబ్లిక్ స్కూల్‌కి తన స్థాయి వాళ్ళే తగులుతారు. ఓటములు ఎక్కువున్న టీమ్ కూడా కింద డివిజన్‌లో కప్పు కొట్టేస్తోందని ఏడ్చేవాళ్ళున్నారు. ఏడవనీండి, పిల్లలు నవంబర్ దాకా ఆడుతున్నారు.

కేటీ_రామకృష్ణ
@ఇందిర టెక్సాస్‌లో ప్రైవేట్ గొడవ తక్కువ. యూఐఎల్‌లో ఉన్న ప్రైవేట్ స్కూళ్ళు రెండే, డల్లాస్ జెసూట్, హ్యూస్టన్‌లో స్ట్రేక్ జెసూట్. మిగతావి వేరే సంఘాల్లో ఆడతాయి. మా దగ్గర గొడవంతా పబ్లిక్ స్కూల్ నుంచి పబ్లిక్ స్కూల్‌కే. ఆలెన్‌లో 2012లో 60 మిలియన్ డాలర్లతో 18,000 సీట్ల హైస్కూల్ స్టేడియం కట్టారంటే ఇక్కడ పిచ్చి ఏ స్థాయిలో ఉందో చూసుకోండి.

ఆలెన్_అనంత్
కట్టిన రెండేళ్ళకే కాంక్రీటు పగిలి మూసేశారు, అది కూడా చెప్పండి. మా ప్రాపర్టీ ట్యాక్స్ ఏడుపు మాది.

కొలంబస్_కామేశ్వరి
ఒహాయోలో మనసులో ఏముందో తవ్వరు. ఇల్లు మారడం లాంటి మినహాయింపుల్లోకి రాకుండా స్కూల్ మారితే సీజన్ రెండో సగం, ప్లేఆఫ్‌లు ఆడకూడదు. అంతే. కప్పు కోసం వచ్చేవాడికి కప్పు దగ్గరే గేటు వేశారు. లైన్‌మన్ బాబుకి జరిగింది చదివాక ఇదే న్యాయం అనిపిస్తోంది, కోచ్ కోపానికి ఇందులో చోటు తక్కువ.

పైగా 2017 నుంచి కాంపిటిటివ్ బ్యాలెన్స్ అని ఒకటుంది. రోస్టర్‌లో బయటి నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువుంటే స్కూల్ పిల్లల సంఖ్యకి అదనంగా కలిపి పై డివిజన్‌కి తోస్తారు.

సందేహాల_సుబ్బారావు
@కామేశ్వరి గారు, మీ కొలంబస్‌లోనే కదా లేని స్కూల్‌కి ఫుట్‌బాల్ టీమ్ ఉండేది?

కొలంబస్_కామేశ్వరి
ఆ పరువు తక్కువ పని మాదే. బిషప్ సైకమోర్. 2021 ఆగస్టు 29న ఈఎస్‌పీఎన్‌లో లైవ్, ఆటల స్కూల్ ఐఎంజీ అకాడమీ చేతిలో 58-0 ఓటమి. అంతకు రెండ్రోజుల ముందే అదే టీమ్ ఇంకో మ్యాచ్ ఆడి వచ్చింది! తర్వాత రాష్ట్ర విద్యాశాఖ విచారించి అది స్కూలే కాదు, మోసం అని తేల్చింది. స్కూలే లేకపోతే ట్రాన్స్‌ఫర్ రూల్ ఎవరికి పెడతారు?

ఆల్ఫరెట్టా_అమ్మ
ఇక్కడ అందరూ మారినవాళ్ళని దొంగల్లా మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నా. మేం మారాం. ఆట కోసమే మారాం. మా వాడు సాకర్ నుంచి వచ్చి కికర్ అయ్యాడు. పాత స్కూల్లో కికింగ్ నేర్పేవాళ్ళు లేరు, ముందే ఒక సీనియర్ కికర్ ఉన్నాడు. జార్జియాలో రూల్ అడిగేది ఒక్కటే, కుటుంబం మొత్తం నిజంగా ఆ జోన్‌లోకి మారిందా అని. మారకపోతే పన్నెండు నెలలు కూర్చోవాలి. మేం పాత ఇల్లు అద్దెకిచ్చి, అత్తగారితో సహా, తులసి కుండీతో సహా మారాం. మా వారి ఆఫీసు దూరమైంది, రోజూ జీఏ 400 హైవే మీద ఆయన పడే పాట్లు ఆయనకే తెలుసు. ఏ కాగితం మీదా అబద్ధం రాయలేదు. మా వాడి వల్ల ఒక పిల్లాడికి చోటు పోయింది, తెలుసు. ఆ పిల్లాడి అమ్మ నాతో మాట్లాడదు. నేనైతే మళ్ళీ అదే చేస్తాను.

పక్కన అలబామాలో ప్రైవేట్ స్కూల్ పిల్లాణ్ణి 1.35గా లెక్కేసి పై క్లాస్‌లో ఆడించేవారు. మా వాడు సన్నగా ఉంటాడు, ఒకటికి కూడా రాడు.

లైన్‌మన్_74
ఆంటీ, మీ మీద కోపం లేదు. కానీ ఆ రూల్ ఎవరికి పనికొస్తుందో చూడండి. రెండిళ్ళ ఖర్చు భరించేవాళ్ళకి ఆట స్వేచ్ఛ ఉంటుంది. నా టీమ్‌మేట్ ఒకడు వాళ్ళ అమ్మతో గొడవపడి పెద్దమ్మ దగ్గర ఉండేవాడు. వాడికి లీజు లేదు, అడ్రసు లేదు, ఏడాదంతా జేవీ.

ఆల్ఫరెట్టా_అమ్మ
అది నిజం. ఆ పిల్లాడికి హార్డ్‌షిప్ కింద అప్పీల్ ఎవరైనా వేశారా?

లైన్‌మన్_74
వేసే పెద్దవాళ్ళు ఎవరున్నారు ఆంటీ?

కూకట్‌పల్లి_కిరణ్
ఇక్కడ రాత్రి రెండింటికి ఇది చదువుతున్నా, ఆట ఏంటో ఇప్పటికీ అర్థం కాలేదు. విషయం మాత్రం అర్థమైంది. టెన్త్‌లో ఊరి స్కూల్ టాపర్‌కి ఫ్రీ సీటిచ్చి కార్పొరేట్ కాలేజీ పట్టుకుపోవడం, ర్యాంకు వచ్చాక ఫ్లెక్సీ వేసుకోవడం. దానికి మన దగ్గర ఒక్కరోజు కూడా సిట్‌అవుట్ లేదు. క్రికెట్‌లో నయం. హనుమ విహారి హైదరాబాద్ నుంచి ఆంధ్రకి, మళ్ళీ హైదరాబాద్‌కి, మళ్ళీ ఆంధ్రకి మారితే ప్రతిసారీ ఎన్‌ఓసీ కావాల్సి వచ్చింది. అదైనా పెద్దవాళ్ళ జీతాల ఆట.

మోడరేటర్
ఒక పోస్టు తీసేశాను. స్కూల్ పేరు, పిల్లల పేర్లు, ఇంస్టాగ్రామ్ లింకులు పెట్టొద్దు. వాళ్ళు మైనర్లు.

కేటీ_రామకృష్ణ
@ప్రసాద్ గారు, ఫిర్యాదుకి వెళ్ళే ముందు ఒకటి ఆలోచించండి. అనర్హుడు ఆడాడని తర్వాత తేలితే పోయేది మీ స్కూల్ గెలిచిన మ్యాచ్‌లే. ఫర్‌ఫీట్. మీ వాడి రికార్డు కూడా అందులోనే ఉంటుంది. కాబట్టి చెప్పదలిస్తే మొదటి డిస్ట్రిక్ట్ మ్యాచ్‌కి ముందే ప్రిన్సిపాల్‌తో చెప్పండి. నాకు తెలిసింది ఇది అని రాతలో, మర్యాదగా. "నా కొడుకు ప్లేస్" అన్న మాట అందులో రాయొద్దు. తమ్ముడి స్కూల్, పాత ఇల్లు, అంతవరకే.

ఆలెన్_అనంత్
లేదా చెప్పకుండా మీ వాణ్ణి స్లాట్ రిసీవర్‌గా (పాసులు అందుకునేవాడు) ట్రై చెయ్యమనండి. జేవీలో క్వార్టర్‌బ్యాక్ ఆడినవాడికి రూట్లన్నీ తెలుసు.

ప్లేనో_ప్రసాద్
అందరికీ థ్యాంక్స్. నిన్న ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను, ఫారం ఇంకా కమిటీ దగ్గరే ఉందట, అంతకు మించి చెప్పలేనన్నాడు. కోచ్ స్లాట్ మాటే అన్నాడు. అసలు సంగతి అది కాదు. రాత్రి అన్నం దగ్గర మా వాడు, "నాన్నా, మనం కూడా మారదాం" అన్నాడు. పక్క ఐఎస్‌డీలో ఒక స్కూల్ క్వార్టర్‌బ్యాక్ ఈ ఏడాదితో గ్రాడ్యుయేట్ అవుతున్నాడట, వచ్చే ఫాల్‌కి ఖాళీ. ఫ్లోర్ ప్లాన్లతో సహా అపార్ట్‌మెంట్లు కూడా చూసి పెట్టాడు. మా ఆవిడ నవ్వుతోంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

సందేహాల_సుబ్బారావు
ప్రసాద్ గారు, ఆ ఫారంలో "ఆట కోసమే మారుతున్నారా" దగ్గర ఏం రాస్తారో మాక్కూడా చెప్పండి 😄

ఆలెన్_అనంత్
సుబ్బారావు గారూ, గాయం మీద కారం చల్లకండి.

టాంపా_తిరుమలరావు
కుర్రాడికి బుర్ర ఉంది. పంపండి.

కేటీ_రామకృష్ణ
పంపొద్దు. జేవీ స్టార్టర్, కొత్త వాడు రాగానే పక్క స్కూల్‌కి పోయాడు, అంతకన్నా సూటి కేసు కమిటీకి దొరకదు. సీనియర్ ఇయర్ మొత్తం పోతుంది, సీనియర్‌కి జేవీ ఆడే అవకాశం కూడా చాలాచోట్ల ఇవ్వరు. పైగా పాత స్కూల్ భాగం నింపేది మీరు మొన్న కలిసొచ్చిన ఆఫీసే.

ప్లేనో_ప్రసాద్
అదే చెప్పాను వాడికి. "మరి వాడెలా వచ్చాడు?" అంటాడు.

నైట్‌షిఫ్ట్_నరేష్
మధ్యలో నాదొక ప్రశ్న. మా వాడు ఎయిత్ గ్రేడ్, మిడిల్ స్కూల్ టీమ్‌లో ఆడాడు. జనవరిలో క్లయింట్ మారితే ఆస్టిన్ వైపు పోవాల్సి రావచ్చు. తొమ్మిదో తరగతికి కూడా ఈ ఫారం ఉంటుందా?

కేటీ_రామకృష్ణ
@నరేష్ ఎయిత్ నుంచే లెక్క. ఆ ఏడాది పాత స్కూల్ తరఫున ఆడినా, ప్రాక్టీస్ చేసినా ఫారం నింపాల్సిందే. వర్సిటీకి ముందే చేయించి పెట్టుకో. నీ క్లయింట్ లెటర్, లీజు, పాత ఇల్లు ఖాళీ చేసిన కాగితం ఒక ఫైల్లో ఉంచు. ఇంకోటి, మార్కులు చూసుకో. 1984 చట్టం నుంచి ఇక్కడ ఏ మామూలు సబ్జెక్ట్‌లోనైనా 70 రాకపోతే బెంచే. దానికి కమిటీ ఓటు కూడా అక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్_నరేష్
70 రాకపోతే వాడికి బెంచ్ కాదు, మా ఆవిడ చేతిలో ఇంకోటి ఉంది. ఫైల్ ఇవాళే మొదలుపెడతా.